పచ్చ టిక్కులు చూసి మురిసిపోయాను

మా అమ్మాయి ఆరో తరగతిలోకి వచ్చినప్పుడు ఈ కోర్సు తీసుకున్నాను. ఇప్పటికి రెండేళ్లయింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి ఇంగ్లిష్‌లో చదవడం, రాయడం నేర్పే సెల్ఫ్ పేస్డ్ కోర్సు ఇది. టీచరు ఉండరు, టైమ్‌టేబుల్ ఉండదు, ఎవరి వీలుని బట్టి వాళ్లు చేసుకుపోవచ్చు. పోయినేడు మావాడు కూడా ఆరుకి రావడంతో ఇద్దరూ వాడుతున్నారు. కోర్సు పేరు చెప్పను. ఇలాంటివి చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి మీరు చూస్తున్నది వేరేదైనా ఇందులో సగం దానికీ సరిపోతుంది.

ఒక్కో పాఠంలో ఏడెనిమిది నిమిషాల వీడియో, ఒక పాసేజ్, పది ప్రశ్నల క్విజ్, చివర్లో ఒక పేరా రాసే పని ఉంటాయి. అన్నీ అయితే పచ్చ టిక్కు పడుతుంది.

మొదటి మూడు వారాల్లోనే మా అమ్మాయి పదకొండు పాఠాలు చేసేసింది. పేజీ అంతా పచ్చగా కనిపిస్తుంటే నేను మురిసిపోయాను. ఒకరోజు అగ్నిపర్వతాల పాఠం అవ్వగానే "ఏం చదివావమ్మా?" అని అడిగాను. "లావా గురించి" అంది. ఇంకా? "లావా చాలా వేడిగా ఉంటుంది." ఆ పాఠంలో తనకి పదికి తొమ్మిది వచ్చాయి మరి! మర్నాడు పక్కన కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. పాసేజ్ జోలికి పోకుండా ముందు ప్రశ్న చదువుతోంది. అందులో ఉన్న పెద్ద మాట పాసేజ్‌లో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యానికి దగ్గరగా ఉన్న ఆప్షన్ నొక్కుతోంది. తప్పయితే ఇంకోటి. ఉన్నవి నాలుగే ఆప్షన్లు, ఎన్నిసార్లు నొక్కినా అడిగేవాళ్లు లేరు. తనని ఏమనాలి? కోర్సు పచ్చ టిక్కు అడిగింది, తను ఇచ్చింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టాను. పాసేజ్ చదివాక స్క్రీన్ మూసేసి, ఏముందో మూడు వాక్యాల్లో నాకు చెప్పాలి. ఆ తర్వాతే క్విజ్. మొదట్లో గొడవే. "క్విజ్‌లో అడగనిది నీకెందుకమ్మా?" అని నిలదీసేది. వారానికి నాలుగు పాఠాలు చేసే పిల్ల రెండుకి దిగింది. కానీ నెల తిరిగేసరికి, చదివేటప్పుడే మధ్యలో ఆగి వెనక్కి వెళ్లి చూసుకోవడం మొదలుపెట్టింది. ఈ కోర్సు వల్ల మా ఇంట్లో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే, అదీ కోర్సులో లేని పని వల్ల.

పాసేజ్‌లు ప్రింట్ తీసి ఇవ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. కాగితం మీద చదివితే బాగా ఎక్కుతుందనేది నా చాదస్తం అనుకునేదాన్ని. 2018లో 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సమాచారం ఇచ్చే పాఠాల విషయంలో, అందులోనూ టైమ్ పెట్టి చదివించినప్పుడు, కాగితానిదే పైచేయిగా తేలింది. కథల్లో మాత్రం తేడా కనిపించలేదట. అందుకని కథలు స్క్రీన్ మీదే వదిలేశాను.

పాసేజ్‌ల ఎంపికే మొదటి ఏడాది నన్ను బాగా విసిగించింది. ఇవాళ తిమింగలాలు, రేపు చదరంగం, ఎల్లుండి రైలింజన్లు. "మెయిన్ ఐడియా కనుక్కోవడం", "రచయిత ఉద్దేశం కనుక్కోవడం" అంటూ నైపుణ్యాన్ని విడిగా నేర్పాలని చూస్తారు. విషయం తెలియనివాడికి మెయిన్ ఐడియా ఎక్కడ దొరుకుతుంది? దీని మీద 1988లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. ఎనిమిదో తరగతి భాగంలో మాత్రం ఈ కోర్సు వాళ్లు దారిలోకి వచ్చారు. సముద్రం మీదే వరసగా ఆరు పాఠాలు పెట్టారు. నాలుగో పాఠానికి వచ్చేసరికి మా అమ్మాయి క్విజ్‌లో ఒక ప్రశ్న తప్పుగా ఉందని వాదించింది. చూస్తే నిజంగానే తప్పుంది.

పదాల పాఠాలు బాగున్నాయి. స్పెక్ట్ అంటే చూడటం అని మూలం చెప్పి ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, ప్రాస్పెక్ట్ అన్నీ ఒక కుటుంబంగా చూపిస్తారు. నేను పక్కనుంచి ఆహారం, విహారం, ప్రహారం, సంహారం చెప్పాను. ముందు చేరిన ఉపసర్గ ఒక్కటే అర్థాన్ని ఎంత దూరం లాక్కెళ్తుందో చూసి పిల్లలిద్దరూ ఆ సాయంత్రమంతా కొత్తవి వెతుక్కున్నారు. గ్రామర్ పాఠాల గురించి చెప్పేదేం లేదు, మాటల్ని లాగి పెట్టెల్లో వేయడమే.

ఇక రాయడం. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది.

మంచి ఏమిటంటే వాక్యాల అభ్యాసాలు. ఒక చిన్న వాక్యం ఇచ్చి దాన్ని బికాజ్‌తో ఒకసారి, బట్‌తో ఒకసారి, సోతో ఒకసారి పూర్తి చేయమంటారు. తెలుగులో చెప్పాలంటే ఇలా: చంద్రుడికి సొంత వెలుగు లేదు, ఎందుకంటే అది నక్షత్రం కాదు. చంద్రుడికి సొంత వెలుగు లేదు, కానీ సూర్యుడి వెలుగు దాని మీద పడి మనకి కనిపిస్తుంది. చంద్రుడికి సొంత వెలుగు లేదు, అందుకే ఎండ పడని వైపు చీకటిగా ఉంటుంది. చూడ్డానికి తేలికే. మా అమ్మాయికి మాత్రం "కానీ" దగ్గర చాలాకాలం చిక్కుపడింది, విషయం తెలిస్తే తప్ప అది పూర్తి కాదు మరి. రెండు మూడు పొట్టి వాక్యాల్ని కలిపి ఒకటి చేయడం కూడా ఉంది. నాలుగు నుంచి పన్నెండు తరగతుల పిల్లల రాత మీద వచ్చిన పరిశోధనల్ని 2007లో సమీక్షించినప్పుడు, గ్రామర్ విడిగా నేర్పితే రాత బాగుపడినట్టు కనిపించలేదు, ఇలా వాక్యాలు కలపడం మాత్రం పనిచేసింది. మా అనుభవమూ అంతే.

చెడు, పేరాలకి మార్కులేసే పద్ధతి. మెషీనే వేస్తుంది. ఐదుకి మూడు వచ్చిన పేరాలో మా అమ్మాయి మొదటగా, అంతేకాకుండా, చివరగా అనే మాటలు దూర్చి మళ్లీ పంపితే నాలుగొచ్చింది. అనుమానం వచ్చి నేనే ఒక పేరా రాశాను. కుర్చీలు ఎందుకు నిద్రపోవో వివరిస్తూ పన్నెండు వాక్యాలు, నిండా అంతేకాకుండాలే. నాలుగున్నర! "ఆలోచనల వరుస బాగుంది" అని మెచ్చుకోలు కూడా. ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్నాం. కానీ నవ్వులాట పక్కన పెడితే, పిల్ల రాసినదాన్ని ఒక మనిషి చదివి "ఇక్కడ నాకు అర్థం కాలేదు, నువ్వేం చెప్పాలనుకున్నావు?" అని అడగకపోతే రాత ముందుకి కదలదు. ఆ పని ఇప్పుడు నాదే. వారానికి ఒక్క పేరానే, కానీ మూడుసార్లు తిరగరాయిస్తాను. ఎర్ర పెన్ను వాడను. అర్థం కాని చోట ప్రశ్న గుర్తు పెడతానంతే.

మావాడి సంగతి వేరు. వాడికి క్విజ్‌లలో అక్క కంటే ఎక్కువ మార్కులొచ్చేవి. ఆరు నెలలు హాయిగా ఉన్నాను. ఒకరోజు పాసేజ్ పైకి చదవమంటే, పొడుగు మాట వచ్చిన ప్రతిచోటా మొదటి అక్షరాలు చూసి ఏదో ఊహించేస్తున్నాడు. మరి ఆ మార్కులెలా వచ్చాయి? పాసేజ్ మూలన చెవి బొమ్మ ఉంటుంది, నొక్కితే చదివి వినిపిస్తుంది. వీడు ఆరు నెలలుగా పాఠాలు వింటున్నాడు! వింటే అర్థమవుతుంది, మాటల్ని విడదీసి చదవడమే రాదు. మాటలు చదవగలగడం, భాష అర్థమవడం, ఈ రెండిటి గుణకారమే చదవడం అని 1986 నుంచీ ఒక సూత్రం ఉంది. గుణకారంలో ఒకటి తగ్గితే రెండోది ఎంత ఉన్నా లాభం తక్కువే. ఈ కోర్సు మాటలు చదవడం వచ్చేసిందనే నమ్మకంతో మొదలవుతుంది, రానివాడిని పట్టుకునే ఏర్పాటే లేదు. మీ పిల్లలకి ఏ కోర్సు కొనేముందైనా ఒక పేజీ పైకి చదివించి వినండి, రెండు నిమిషాల పని.

సాంకేతికంగా చిన్నచిన్న చిరాకులున్నాయి. ట్యాబ్‌లో రాసేటప్పుడు కీబోర్డు వచ్చి రాస్తున్న వరుసనే కప్పేస్తుంది. ఒక అప్‌డేట్ తర్వాత రెండు వారాల పని కనబడకుండా పోయింది, జవాబు తొమ్మిది రోజులకి వచ్చింది, పని తిరిగి రాలేదు.

వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున పక్కన కూర్చోగలిగేవాళ్లకి దీన్ని సిఫార్సు చేస్తాను. ఏం నేర్పాలి, ఏ వరుసలో నేర్పాలి అనే టెన్షన్ తీరిపోతుంది. ట్యాబ్ చేతికిచ్చి మన పని మనం చూసుకుందామనుకుంటే మాత్రం డబ్బు దండగ. మా అమ్మాయికి వచ్చే నెలతో ఆపేస్తున్నాను, మావాడికి ఇంకో ఏడాది కట్టాను. వాడు ముందు నా దగ్గర పైకి చదవాలి, తర్వాతే పాఠం. చెవి బొమ్మ తీసేసే సెట్టింగు ఇవ్వమని వాళ్లకి మూడుసార్లు రాశాను, ఇంకా రాలేదు. ప్రస్తుతానికి సౌండు మ్యూట్ చేసి ట్యాబ్ ఇస్తున్నాను, వాడు దాన్నీ కనిపెట్టేదాకా.