మ్యూజియం కేసుల్లో వెండి నల్లబడకుండా సిల్వర్‌క్లాత్: రెండేళ్లు వాడాక

మా మ్యూజియంలో వెండి వస్తువులున్న అద్దాల కేసులు నేనే చూసుకుంటాను. రెండేళ్లుగా పసిఫిక్ సిల్వర్‌క్లాత్ వాడుతున్నాను. ముదురు గోధుమరంగు మెత్తటి నూలు గుడ్డ ఇది, లోపల సన్నటి వెండి రేణువులు పట్టించి ఉంటాయి, గాలిలోని సల్ఫర్ వాయువుల్ని అవి ముందే పట్టేసుకుంటాయి కాబట్టి మన గిన్నె దాకా వచ్చేది తగ్గుతుంది. బాగా పనిచేస్తుంది, నేను మళ్లీ కొంటాను. కానీ కేసు సరిగ్గా ఉంటేనే.

మొదటిసారి నాకు పెద్ద దెబ్బే తగిలింది. కేసు చేసిచ్చినవాళ్లు అడుగున ఉన్ని ఫెల్ట్ అతికించి, తలుపు సందులకు రబ్బరు సీలు వేసి ఇచ్చారు, చూడ్డానికి ఎంతో బాగుంది, నేనూ అడగలేదు, ఆ ఫెల్ట్ మీదే ఈ గుడ్డ పరిచి వెండి సర్దేశాను. మూడు నెలలు తిరక్కుండానే పళ్ళెం అంచు లేత పసుపుకు తిరిగింది, తర్వాత గోధుమరంగు, ఆ పైన నీలం జీర. ఉన్నిలో సల్ఫర్ సహజంగానే ఉంటుంది, రబ్బరును గట్టిపరచడానికి కలిపేదీ సల్ఫరే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక గుడ్డ ఏం పడుతుంది?

ఆ పళ్ళేన్ని పాలిష్ చేయాల్సి వచ్చినప్పుడు ప్రాణం ఉసూరుమంది. నలుపంటే వెండే, సల్ఫర్‌తో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అయిన వెండి. రుద్దిన ప్రతిసారీ అది పాలిష్ గుడ్డకు అంటుకుని పోతుంది. పళ్ళెం మధ్యలో చెక్కిన ఆకుల్లో ఈనెలు ఒకవైపు స్పష్టంగా ఉన్నాయి, పాత రోజుల్లో ఎక్కువ రుద్దిన వైపు వేలికి కూడా తగలవు. అవి మళ్లీ రావు.

అందుకే గుడ్డ కొనేముందు కేసులోకి వెళ్లే ప్రతి మెటీరియల్‌కీ ఆడీ టెస్ట్ చేయించండి. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో మొదలుపెట్టిన పద్ధతి. ఆ మెటీరియల్ ముక్కతో పాటు వెండి, రాగి, సీసం రేకులు, కాస్త నీళ్లు పెట్టి సీసా బిగించి 60 డిగ్రీల సెల్సియస్‌లో 28 రోజులు ఉంచుతారు. వెండి రేకు రంగు మారిందా, ఆ మెటీరియల్ వద్దు.

గుడ్డలో నాకు నచ్చనిది ఒక్కటే, అసలే ముదురు రంగు కావడంతో దాని పని అయిపోయిందో లేదో కంటికి తెలియదు. అందుకే కేసు మూలన మెరుగుపెట్టిన చిన్న వెండి రేకు పెట్టి వారం వారం చూస్తున్నాను, అది పసుపెక్కితే గుడ్డ మార్చాలి. ఉతకడం మాత్రం వద్దు. ఇప్పుడు ఫెల్ట్, రబ్బరు తీయించేసి, చిల్లులున్న పలక కింద గుడ్డ పరిచాం, పక్కనే సిలికా జెల్, తేమ 50 శాతం దాటకుండా. సర్దేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకుంటాం, లేటెక్స్‌లోనూ సల్ఫర్ ఉంటుంది. ఇలా మార్చి ఏడాది దాటింది, మూలనున్న రేకు ఇంకా తెల్లగానే ఉంది.