స్మార్ట్ ప్లగ్, బల్బు, కెమెరా: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఫోన్‌లోంచి నడిపే ఈ వస్తువుల్ని తీసి పారేయమని చెప్పడానికి రాయట్లేదు, మా ఇంట్లో మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎక్కువ పనికొచ్చింది ప్లగ్. టైమర్ పెట్టేస్తే దానంతటదే ఆగిపోతుంది, బయటికెళ్లాక ‘ఆఫ్ చేశామా లేదా’ అన్న టెన్షన్ ఉండదు, నెట్ పోయినా దాని మీద బటన్ ఉంది కాబట్టి చేత్తో నొక్కుకోవచ్చు. బల్బు అంత ముచ్చటగా లేదు. ఎవరో ఒకరు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తారు, ఇక యాప్‌లో ఎంత నొక్కినా వెలగదు. పైగా దాని యాప్‌కి కాంటాక్ట్స్ కావాలట! లొకేషన్ అడిగితే అర్థముంది, ఆండ్రాయిడ్‌లో చుట్టుపక్కల వైఫైలు వెతకాలంటే చాలాసార్లు అది ఇవ్వాలి. బల్బుకి నా ఫోన్ నంబర్లతో ఏం పని?

అసలు సంగతి కెమెరా దగ్గరే. బొమ్మ బాగుంటుంది, చీకట్లో కూడా మనిషిని పోల్చుకోవచ్చు. కానీ 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) పట్టుకున్నది ఇలాంటి వాటినే. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జంటలు ఓ అరవై దాకా దగ్గర పెట్టుకుని, లాగిన్ బయటికి తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు (వీడియో రికార్డు చేసి దాచే పెట్టెలు), రౌటర్లు ఎక్కడ దొరికితే అక్కడ ప్రయత్నిస్తూ పోయింది. అలా చేజిక్కిన వాటితో ఆ అక్టోబరులో డైన్ (Dyn) అనే డీఎన్ఎస్ కంపెనీ మీద, అంటే సైటు పేరు కొడితే దాని అసలు అడ్రసు చెప్పే కంపెనీ మీద, ఒక్కసారిగా పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. ఆ దాడిలో తమ కెమెరా కూడా ఉందని చాలామంది సొంతదారులకు తెలియనే లేదు.

పాస్‌వర్డ్ మార్చుకోవడం మన చేతిలో పని. అప్‌డేట్లు మన చేతిలో లేవు. నా కెమెరా యాప్‌లో ఫర్మ్‌వేర్ (పరికరం లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ నొక్కితే ‘మీది లేటెస్ట్ వెర్షన్’ అని పచ్చ టిక్కు వస్తుంది, కింద తేదీ చూస్తే ఏనాటిదో. కంపెనీ కొత్తది ఇవ్వడం మానేస్తే పాతదే లేటెస్టు కదా మరి! బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో కూడా చెప్పి తీరాలి. నన్నడిగితే ఆ రెండోదే ముఖ్యం, పెట్టె మీద మెగాపిక్సెళ్ల కంటే పెద్ద అక్షరాల్లో వేయాలి.

ప్రస్తుతానికి ఈ మూడూ గెస్ట్ వైఫైలో, అంటే అతిథుల కోసం రౌటర్లో విడిగా పెట్టే నెట్‌వర్క్‌లో ఉన్నాయి, వాటికేదైనా అయినా నా ల్యాప్‌టాప్ దాకా రావడం కష్టం. రౌటర్లో యూపీఎన్‌పీ అనే సెట్టింగ్ ఆపేశాను, లేకపోతే పరికరాలు మనల్ని అడక్కుండానే బయటికి పోర్టులు (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారులు) తెరిపించుకోగలవు. యాప్ లాగిన్‌కి ఓటీపీ పెట్టాను, రికార్డింగ్ క్లౌడ్‌కి కాకుండా మెమరీ కార్డులోకే వెళ్తుంది.

ప్లగ్‌కి అయిదుకి నాలుగున్నర, బల్బుకి రెండు. కెమెరాకి గుమ్మం బయట అయితే మూడు, పడకగదిలో అయితే సున్నా. ఇప్పుడు స్మార్ట్ తాళం కొందామని ఇంట్లో ఒకటే గొడవ, అప్‌డేట్లు ఎప్పటిదాకానో తేదీ వేసి రాసిన కంపెనీ దొరికేదాకా ఆ ఊసెత్తొద్దన్నాను.