ఫోల్డా, ఫ్లిప్పా, మామూలు ఫోనూ ట్యాబా: మన వరంగల్‌లో ఏది మేలు?

మడత ఫోన్ల గురించి ఎవరినడిగినా రెండే జవాబులు. "అంతా షోకు, పైసలు దండగ" అనేవాళ్లు కొందరు, "ఒకసారి అలవాటైతే మళ్లీ మామూలు ఫోను పట్టబుద్ధి కాదు" అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది, ఎందుకంటే మడత ఫోను అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నవి అసలు రెండు వేర్వేరు వస్తువులు. ఫోల్డ్ స్క్రీన్‌ని పెద్దది చేస్తుంది. ఫ్లిప్ మామూలు స్క్రీన్‌నే సగానికి మడిచి జేబులో పట్టేలా చేస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్తా: ఫోల్డ్ పనికొచ్చే వస్తువే, కాకపోతే ఆ పని ఉన్నవాళ్లకే. ఫ్లిప్‌లో ఎక్కువ భాగం మోజే. మన దగ్గర చాలామందికి మామూలు ఫోను, దానికి తోడు ఒక చిన్న ట్యాబ్ మేలు.

ముందు పైసల సంగతి. శాంసంగ్ ఫోల్డ్ 7 మన దేశంలో 2025లో వచ్చినప్పుడు మొదటి ధర 1,74,999 రూపాయలు. అదే కంపెనీ మామూలు ఫోను ఎస్25 వచ్చినప్పటి ధర 80,999, యాపిల్ చిన్న ట్యాబ్ ఐప్యాడ్ మినీది 49,900. రెండూ కలిపినా 1,30,899, అంటే ఇంకా 44,100 మిగులుతాయి, పైగా ట్యాబ్ స్క్రీన్ 8.3 అంగుళాలు, ఫోల్డ్ లోపలి స్క్రీన్ 8 అంగుళాలే. అయితే ఫోల్డ్ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. దాని బరువు 215 గ్రాములు, ఈ ఫోనూ ట్యాబూ కలిస్తే 455. రోజంతా బండి మీద తిరిగేవాళ్లు ట్యాబ్‌ని ఇంట్లోనే వదిలేసి పోతారు, అవసరం పడ్డప్పుడు అది చేతిలో ఉండదు. ఫోల్డ్ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది, దాని అసలు విలువ అదే.

సినిమాల కోసం ఫోల్డ్ కొంటామనేవాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. లోపలి స్క్రీన్ దాదాపు చదరంగా ఉంటుంది, మన తెలుగు సినిమాలు ఎక్కువగా సినిమాస్కోప్‌లో వెడల్పుగా ఉంటాయి, అందుకని కిందా మీదా పెద్ద నల్ల పట్టీలు వచ్చి కూర్చుంటాయి. లెక్కేసి చూస్తే సినిమాస్కోప్ బొమ్మ ఫోల్డ్ 7 లోపలి స్క్రీన్ మీద కన్నా 6.9 అంగుళాల ఎస్25 అల్ట్రా మీదనే కాస్త పెద్దగా కనిపిస్తుంది! మామూలు యూట్యూబ్ వీడియో అయితే ఫోల్డ్‌లోనే పెద్దది, అది ఒప్పుకోవాలి. కానీ లక్షా డెబ్బై అయిదు వేలు పెట్టేది యూట్యూబ్ కోసమైతే ఆ పైసలతో ఇంట్లో మంచి టీవీయే పెట్టించుకోవచ్చు.

మరి ఫోల్డ్ ఎవరికి? కాగితం పని ఫోన్‌లో చేసేవాళ్లకు. సైట్ మీద నిలబడి బిల్డింగ్ ప్లాన్ పీడీఎఫ్ తెరిచి, వేళ్లతో లాగి లాగి చూడకుండా మొత్తం గది కొలతలు ఒకేసారి చూడాల్సిన ఇంజినీరుకు. ఎనుమాముల మార్కెట్లో ఒకవైపు వాట్సాప్‌లో రేట్లు చూసుకుంటూ ఇంకోవైపు లెక్కల షీట్ నింపుకునే అడ్తి వ్యాపారికి. భూభారతిలో సర్వే నంబర్ల వివరాలు రోజూ చూసే రియల్ ఎస్టేట్ వాళ్లకు. పొద్దున్నే ఈ-పేపర్‌లో జిల్లా పేజీ చదివే పెద్దవాళ్లకు కూడా పెద్ద అక్షరాలు హాయిగా ఉంటాయి, కానీ ఆ ఒక్క పనికి ట్యాబ్ చాలు. రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టుకుని రోజులో చాలాసార్లు పని చేసే మనిషికి ఇది సోకు కాదు, పనిముట్టు. ఆ పని లేనివాళ్లు కొన్న కొత్తలో నలుగురికీ తెరిచి చూపించి, తర్వాత బయటి స్క్రీన్‌తోనే కానిచ్చేస్తారు.

ఇక నా అసలు భయం దుమ్ము. ఫోల్డ్ 7కి ఐపీ48 రేటింగ్ ఉంది, దుమ్మునీ నీళ్లనీ ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు అది. చివరి 8 నీళ్ల గురించి, అది బాగానే ఉంది, వానలో తడిసినా టెన్షన్ లేదు. ముందున్న 4 దుమ్ము గురించి, దాని అర్థం ఒక మిల్లీమీటరు కన్నా పెద్దవి లోపలికి పోవని మాత్రమే. అంతకన్నా సన్నటిదాన్ని ఆపుతానని కంపెనీ మాట ఇవ్వడం లేదు. మన దగ్గర ఎండాకాలం మిర్చి యార్డులో గాలిలో ఏముంటుందో, జిన్నింగ్ మిల్లు దగ్గర పత్తి నూగు ఎలా ఎగురుతుందో, మేడారం జాతర తొవ్వలో బట్టలు ఏ రంగుకు మారతాయో మీకు తెలుసు. అవేవీ మిల్లీమీటరు ఉండవు. 2019లో మొట్టమొదటి గెలాక్సీ ఫోల్డ్ రివ్యూ కోసం ఇచ్చిన ఫోన్లే రోజుల్లో చెడిపోయి విడుదల ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకు వాయిదా పడింది. కొందరు పైన ఉన్న ప్లాస్టిక్ పొరను స్క్రీన్ గార్డు అనుకుని పీకేశారు, ఇంకొన్నిటిలో హింజ్, అంటే మడత కీలు, పక్క సందుల్లోంచి నలుసులు లోపలికి పోయాయి. ఆ తర్వాత హింజ్‌లు మస్తు మెరుగయ్యాయి, అయిదు లక్షల సార్లు మడిచి చూశామని ఫోల్డ్ 7కి చెప్తున్నారు. రోజుకు వందసార్లు మడిచినా పదమూడేళ్లు దాటుతుంది. కానీ మడిచి మడిచి పాడవ్వడం కన్నా, మడతలో ఒక ఇసుక రవ్వ పడ్డది చూసుకోకుండా మూసెయ్యడమే నాకు పెద్ద భయం. లోపల ఉన్నది వంగేంత పల్చటి గాజు, దాని మీద మెత్తటి ప్లాస్టిక్ పొర, గోరు గట్టిగా నొక్కినా గీత పడే రకం. దుమ్ములో తిరిగే పని మీదైతే 2025లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ చూడండి, దానికి ఐపీ68 ఉంది, అంటే దుమ్ము ఫోను లోపలికి పోదు. అయినా మడత మధ్యలో రవ్వ పడితే ఆ రేటింగ్ కూడా ఏం చెయ్యలేదు, మూసేముందు తుడుచుకోవాల్సిందే.

ఫ్లిప్ గురించి ఎక్కువ రాయను. శాంసంగ్ ఫ్లిప్ 7 2025లో వచ్చినప్పుడు ధర 1,09,999, తెరిస్తే 6.9 అంగుళాలు, ఏ మామూలు పెద్ద ఫోన్‌లోనైనా ఉండేదే. బ్యాటరీ 4,300 ఎంఏహెచ్, అల్ట్రాకు 5,000. లాభం రెండు చోట్ల: చిన్న హ్యాండ్‌బ్యాగులో, అంగీ జేబులో పడుతుంది, టేబుల్ మీద దానంతటదే నిలబడి వెనక కెమెరాతో సెల్ఫీ తీస్తుంది. రీల్స్ చేసేవాళ్లకు అది నిజంగా ఉపయోగమే. మిగతావాళ్లు ఫోన్ వచ్చిన ప్రతిసారీ ఒక మడత ఎక్కువ విప్పడానికి, దుమ్ము భయానికి పైసలు కడుతున్నట్టే. 49,999కి వచ్చిన ఇన్ఫినిక్స్ జీరో ఫ్లిప్ లాంటివి చూసి చాలామంది ఆశపడుతున్నారు, అదే ధరలో దొరికే మామూలు ఫోన్‌తో కెమెరా, ప్రాసెసర్ పక్కపక్కన పెట్టి చూడండి, మడతకు ఏమేం వదులుకున్నామో తెలుస్తుంది.

గ్రూప్స్‌కి చదువుతూ హన్మకొండ లైబ్రరీల్లో కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు దయచేసి మడత ఫోన్ ఈఎంఐ జోలికి పోకండి. గెలాక్సీ ట్యాబ్ ఏ9 వైఫై మోడల్ 2023లో 12,999కి వచ్చింది, నోట్స్ పీడీఎఫ్‌లు చదవడానికి 8.7 అంగుళాలు చాలు, నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి పెట్టుకోవచ్చు.

ఇదంతా విన్నాక కూడా ఫోల్డే కావాలంటే, షాపుకు పోయే ముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పొండి. లోపలి స్క్రీన్ ఇక్కడే మారుస్తారా, హైదరాబాద్ పంపుతారా, ఎన్ని రోజులు ఫోన్ లేకుండా ఉండాలి, వారంటీ అయ్యాక ఖర్చెంత, ఇవన్నీ ముఖాముఖి అడగండి, ఆ ఖర్చుతో మంచి మామూలు ఫోన్ ఒకటి వస్తుందని అప్పుడు తెలుస్తుంది. స్క్రీన్‌ని కూడా కలిపే ఇన్సూరెన్స్ ఉందో లేదో అక్కడే కనుక్కోండి. తర్వాత షాపులో డెమో వీడియో చూసి మురిసిపోకుండా, మీరు రోజూ వాడే ఎక్సెల్ షీటో, ప్లానో వాట్సాప్‌లో పంపించుకుని ఆ స్క్రీన్ మీద తెరిచి, పది నిమిషాలు నిలబడి మీ పని చేసి చూడండి.