శుక్రవారం సాయంత్రం ప్రెస్ మీట్: ఫుట్‌బాల్ క్లబ్బులు ఉచితంగా పెట్టే వీడియోలకు నా రివ్యూ

శుక్రవారం సాయంత్రం 7 అయ్యేసరికి మా వంటింట్లో ఒకపక్క కుక్కర్ కూస్తుంటుంది, గట్టు మీద ఫోన్‌లో ఎవరో ఒక మేనేజర్ మాట్లాడుతుంటాడు. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర అంటే మనకు చలికాలంలో 7, వాళ్ళు గడియారం ముందుకు తిప్పుకునే నెలల్లో 6. శనివారం, ఆదివారం మ్యాచ్‌లున్న ప్రీమియర్ లీగ్ కోచ్‌లు చాలామంది ఇంచుమించు ఆ వేళకే విలేకరుల ముందు కూర్చుంటారు. క్లబ్బులు ఆ వీడియోని యూట్యూబ్‌లో తమ ఛానెల్లో పెడతాయి. పైసా కట్టక్కర్లేదు. నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పుడు మ్యాచ్ మిస్సయినా ఫర్వాలేదు గానీ ఇది మిస్సవకూడదు అన్నంత అలవాటైంది, అందుకే ఈ రివ్యూ.

ముందు అసలిదేంటో చెప్తాను. మ్యాచ్‌కి ముందు ఒకసారి, అయ్యాక మరోసారి మీడియా ముందుకు రావడం ఈ కోచ్‌ల ఉద్యోగంలో భాగం. యూరప్ దేశాల మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లోనైతే మ్యాచ్ ముందు రోజు కోచ్‌తో పాటు ఒక ఆటగాడు కూడా వచ్చి కూర్చోవాలి. 3-0తో ఓడిపోయినా సరే, ఆటగాళ్ళు ఇంకా స్నానాలు కూడా చేయకముందే ఈయన వెళ్ళి టీవీవాళ్ళ మైకు ముందు నిలబడాలి. మన దగ్గర ఆఫీసులో ప్రాజెక్టు చెడిన పది నిమిషాలకు మేనేజర్‌ని దేశం మొత్తం చూస్తుండగా "ఎందుకు చెడింది?" అని అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాళ్ళకిది వారానికి రెండు మూడు సార్లు.

నాకు ఈ పిచ్చి పట్టించింది మా తమ్ముడు. వాడు వాట్సాప్‌లో ఇరవై సెకన్ల క్లిప్పులు పంపుతుంటాడు. ఒకసారి అప్పటి మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ మోరిన్యో మూడు వేళ్ళు చూపించి లేచి వెళ్ళిపోయే క్లిప్ పంపి "అన్నా, చూశావా, ఈయనకి మతి పోయింది" అన్నాడు. 2018 ఆగస్టులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ టాటెన్‌హామ్ చేతిలో 3-0తో ఓడిన రాత్రిది. మూడు వేళ్ళు ఎత్తి, ఈ మూడు ఈ రాత్రి స్కోరు మాత్రమే కాదు, నేను గెలిచిన ప్రీమియర్ లీగ్ టైటిళ్ళు కూడా, మిగతా 19 మంది మేనేజర్లూ కలిపి గెలిచింది రెండే, కాబట్టి గౌరవం ఇవ్వండి అని, ఆ "గౌరవం" మాటే మళ్ళీ మళ్ళీ అంటూ బయటికి నడిచాడు. క్లిప్ చూస్తే కోపిష్టి మనిషే. మొత్తం వీడియో వెతుక్కుని చూశాక నాకు కనిపించింది వేరు. ఆ గదిలోని విలేకరులతో ఆయనకి పెద్ద పని లేదు. ఆ వేసవిలో అడిగిన డిఫెండర్‌ని కొనిపెట్టని యాజమాన్యానికీ, తన మాట మీద నమ్మకం సడలుతున్న డ్రెస్సింగ్ రూముకీ వినిపించాలని మాట్లాడుతున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటామే, అది. డిసెంబరులో ఉద్యోగం పోయింది.

ఆ రోజు నుంచి నేను ప్రతి ప్రెస్ మీట్‌నీ ఒకే ప్రశ్నతో చూస్తాను: ఈయన ఎవరితో మాట్లాడుతున్నాడు? అడిగింది రిపోర్టరే, జవాబు మాత్రం చాలాసార్లు ఇంకెవరికో వెళ్తుంది. రిఫరీకి, అవతలి కోచ్‌కి, సొంత ఆటగాడికి, అభిమానులకి, ఓనర్‌కి. ఇది పట్టుకోవడం వచ్చాక ఈ వీడియోల రుచే మారిపోతుంది.

దీనికి నేను చూసినవాటిలో అన్నిటికన్నా గొప్ప పాఠం 2011 ఏప్రిల్ 26న మాడ్రిడ్‌లో జరిగింది. మర్నాడు రియల్, బార్సిలోనా ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. అప్పుడు రియల్ కోచ్ మోరిన్యో, వారాల తరబడి బార్సిలోనా మీద మాటలు విసురుతూనే ఉన్నాడు. బార్సిలోనా కోచ్ గ్వార్డియోలా అప్పటిదాకా ఆచితూచి మాట్లాడే మనిషి. ఆ రోజు వచ్చి కూర్చుని, ఆయన నన్ను పెప్ అన్నాడు కాబట్టి నేనూ ఆయన్ని జోసె అంటాను అని మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. ఈ గదిలో ఆయనే యజమాని అని ఒక బూతు కూడా కలిపి అన్నాడు, ఈ ప్రెస్ రూములో ఆయనతో పోటీ పడే ఉద్దేశం నాకు ఒక్క క్షణం కూడా లేదు, మైదానం బయటి కప్పు ఆయనకే ఇచ్చేస్తున్నాను, ఇంటికి తీసుకెళ్ళి దాచుకోమనండి, రేపు రాత్రి 8:45కి మైదానంలో కలుద్దాం అన్నాడు. తల కొద్దిగా వంచి, గదిలో కెమెరాల వైపు చూస్తూ, మీలో జోసె కెమెరా ఏది, అన్నీ ఆయనవేనేమో అన్నట్టు మాట్లాడిన ఆ కొద్దిసేపూ చూడండి. ఆ మాటలు మోరిన్యోకి కాదు, హోటల్లో ఉన్న తన ఆటగాళ్ళకి. మన కోచ్ బెదరలేదని వాళ్ళకి తెలియాలి. మర్నాడు బార్సిలోనా 2-0తో గెలిచింది, రెండూ మెస్సీ కొట్టినవే. ప్రెస్ మీట్ వల్లే గెలిచారని నేను అనను, మెస్సీ వల్ల గెలిచారు. కానీ ఆ జట్టు భుజాలు దించుకుని మాత్రం మైదానంలోకి రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు రకం న్యూకాజిల్ మేనేజర్ కీగన్. 1996 జనవరిలో న్యూకాజిల్ 12 పాయింట్ల ఆధిక్యంలో ఉండి, ఏప్రిల్‌కి అదంతా కరిగిపోయింది. ఈ లోపల యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్, లీడ్స్ మా మీద ఆడినంత గట్టిగా వేరేవాళ్ళ మీద ఆడుతుందో లేదో చూడాలి అన్నట్టు ఒక మాట వదిలాడు. ఏప్రిల్ 29న లీడ్స్ మీద 1-0తో గెలిచి కూడా, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, స్కై టీవీ లైవ్‌లో కీగన్ కెమెరాకి వేలు చూపిస్తూ, యునైటెడ్‌ని ఓడిస్తే నాకు ఎంత ఆనందమో అని గొంతు వణుకుతూ అరిచాడు. గెలిచిన రాత్రి! టైటిల్ యునైటెడ్‌కి 4 పాయింట్ల తేడాతో వెళ్ళిపోయింది. దీన్ని చూసి జనం నవ్వుతారు, నాకు మాత్రం నవ్వు రాదు. అంత టెన్షన్ మోస్తున్న మనిషిని చూసి ఎలా నవ్వుతాం?

అలాగే 2009 జనవరి 9న బెనీతెజ్. అప్పుడు పట్టికలో పైనున్న లివర్‌పూల్‌కి కోచ్, జేబులోంచి కాగితం తీసి ఫెర్గూసన్ మీద ఆరోపణలు ఒక్కొక్కటిగా, ఇవి నిజాలు అంటూ చదివాడు. దీంతోనే టైటిల్ పోయిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆ సీజన్ మొత్తంలో లివర్‌పూల్ ఓడింది రెండే మ్యాచ్‌లు, డ్రాలు 11. టైటిల్ పోయింది డ్రాల వల్ల, కాగితం వల్ల కాదు. కాకపోతే ఆ మర్నాడే స్టోక్‌తో 0-0 డ్రా అయింది కాబట్టి కథ అతుక్కుపోయింది.

ఫెర్గూసన్ ఇంకో లోకం. తన కొడుకు మీద బీబీసీ ఒక డాక్యుమెంటరీ వేసిందని 2004 నుంచి 2011 దాకా, ఏడేళ్ళు, ఆ సంస్థకి ఇంటర్వ్యూ ఇవ్వలేదు. 2011 మేలో ఒక రిపోర్టర్ తన ఆటగాడు గిగ్స్ గురించి అడిగితే, మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని చూసుకోకుండా పక్కనున్న మీడియా ఆఫీసర్‌తో, వాడిని శుక్రవారం రానివ్వొద్దని గొణిగాడు. ఆ గొణుగుడు ప్రపంచమంతా విన్నది. అంతకు రెండు నెలల ముందే రిఫరీ మీద మాట్లాడినందుకు 5 మ్యాచ్‌ల నిషేధం, 30,000 పౌండ్ల జరిమానా పడ్డాయి ఆయనకి. ఫెర్గూసన్ ఆటంటే నాకు ప్రాణం, కానీ ప్రశ్న అడిగినవాడి పొట్ట కొట్టే ఈ పద్ధతి మాత్రం నాకు ఎప్పటికీ నచ్చదు. అడగడం వాళ్ళ పని.

మరి మీడియాని బాగా గౌరవించినవాడు ఎవరంటే నా ఓటు ఒకప్పటి లీడ్స్ కోచ్ బియెల్సాకి. ఆయన విడిగా ఎవరికీ ఇంటర్వ్యూ ఇవ్వడు, ఎంత పెద్ద ఛానెలైనా సరే. కానీ ప్రెస్ మీట్‌లో ఊళ్ళోని చిన్న పేపర్ కుర్రాడు అడిగినా, పెద్ద టీవీవాళ్ళు అడిగినా ఒకేలా, చివరిదాకా జవాబు చెప్తాడు. తలెత్తి ఎవరి కళ్ళలోకీ చూడడు, బల్ల వైపే చూస్తూ స్పానిష్‌లో నెమ్మదిగా మాట్లాడతాడు, లీడ్స్‌లో ఉన్నప్పుడు పక్కనున్న దుబాసీ ఇంగ్లిష్‌లోకి మార్చేవాడు. 2019 జనవరిలో డార్బీ జట్టు ప్రాక్టీసుని లీడ్స్ మనిషి ఒకడు దొంగచాటుగా చూస్తూ దొరికాడు. అందరూ బియెల్సా రాజీనామా ఏమోనని పరిగెత్తుకొచ్చారు. ఆయన లాప్‌టాప్ తెరిచి, అవును, మేము ఆడిన ప్రతి జట్టు ప్రాక్టీసూ చూశాం అని తానే ఒప్పుకుని, గంటకు పైగా డార్బీ ఆటని ముక్కలు ముక్కలుగా విప్పి చూపించాడు. ఏ ఫార్మేషన్‌లో ఎన్నిసార్లు ఆడారు, ఏ ఆటగాడు ఎక్కడ నిలబడతాడు, అంతా. నీళ్ళు నమలడం లేదు, బుకాయింపు లేదు. క్లబ్బుకి 2,00,000 పౌండ్ల జరిమానా పడితే తన జేబులోంచే కట్టాడు. ఆ వీడియో నేను రెండుసార్లు పూర్తిగా చూశాను. తప్పు చేసిన మనిషి ఇంత తెరిచి మాట్లాడటం నేను మన రాజకీయ ప్రెస్ మీట్లలో గానీ, క్రికెట్‌లో గానీ చూడలేదు.

ఇక లోపాలకొస్తాను, ఎందుకంటే అన్నీ బాగున్నాయంటే అది రివ్యూ కాదు. మొదటిది, ప్రశ్నలు వినిపించవు. కోచ్ ముందు నాలుగు మైకులుంటాయి, అడిగేవాడి గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుంటుంది. జవాబుని బట్టి ప్రశ్న ఊహించుకోవాలి. రెండోది, "పూర్తి వీడియో" అని పెట్టేది నిజానికి పూర్తిది కాదు. టీవీ కెమెరాల ముందు కొంతసేపు అయ్యాక, పేపర్ విలేకరులతో ఇంకో విడత ఉంటుంది, అందులో చెప్పింది రాత్రిదాకా రాయకూడదని ముందే ఒప్పందం. అసలు లోతైన మాటలు చాలాసార్లు అక్కడే వస్తాయి, మనం మర్నాడు చదువుకోవాలి. మూడోది డబ్బు సంగతి. ఒక పెద్ద క్లబ్ ఏడాది సభ్యత్వం తీసుకుంటే అన్నీ చూపిస్తామంటే కట్టాను. తీరా చూస్తే ఇబ్బంది పెట్టే ప్రశ్నలన్నీ కత్తిరించి, కోచ్ నవ్వుతున్న ముక్కలు మాత్రమే పెట్టారు. రెండు మెయిల్స్ రాశాను, జవాబు లేదు. కాబట్టి డబ్బు కట్టకండి, ఉచితంగా వచ్చేదే మేలు.

ఇంకొకటి, సగం వీడియోల్లో ఏమీ ఉండదు. గాయాల లిస్టు, "మ్యాచ్ తర్వాత మ్యాచ్ చూసుకుంటాం", పాము చావకూడదు కర్ర విరగకూడదు అన్న జవాబులు. అది కోచ్‌ల తప్పు కాదు, ఒక మాట జారితే వారమంతా అదే హెడ్‌లైన్. స్పెయిన్ కోచ్‌గా 2022 ప్రపంచకప్‌లో లూయిస్ ఎన్రికే ఇదంతా ఎందుకని, ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో తానే లైవ్ పెట్టుకుని అభిమానులతో నేరుగా మాట్లాడాడు. సరదాగానే ఉండేది. కానీ అక్కడ గట్టి ప్రశ్న అడిగి, తప్పించుకుంటే మళ్ళీ అడిగేవాడు లేడు. స్పెయిన్ మొరాకో చేతిలో పెనాల్టీల్లో ఓడి ఇంటికెళ్ళింది, రెండు రోజుల్లో ఆయన పదవి పోయింది. కోచ్ తానే ఛానెల్ పెట్టుకుంటే మనకు దక్కేది ఆయన చూపించాలనుకున్నదే. విలేకరి ఎదురుగా ఉండాలి.

మన దగ్గరికొస్తే, 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్ గెలిపించిన మనోలో మార్కెజ్ గుర్తున్నాడా? తర్వాత ఇండియా కోచ్ అయ్యాడు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0 డ్రా అయ్యాక ఆయన ప్రెస్ మీట్ చూడండి. సాకులు వెతకలేదు, నాకు చాలా కోపంగా ఉంది, నిరాశగా ఉంది అని ముఖం మీదే చెప్పాడు. మన ఫుట్‌బాల్ గురించి ఎవరైనా అంత సూటిగా మాట్లాడితే నాకు కడుపు నిండుతుంది, ఫలితం ఎంత బాధపెట్టినా.

5కి 4 ఇస్తాను, ఒకటి ఆ వినిపించని ప్రశ్నల కోసం తగ్గించాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ వారం ప్రెస్ మీట్‌తో కాకుండా గ్వార్డియోలా 2011 వీడియోతో మొదలుపెట్టండి, సబ్‌టైటిల్స్ ఉన్నది వెతకండి. మొన్న మా తమ్ముడికి అదే పంపాను, క్లిప్ కాదు, మొత్తం చూడు అని చెప్పి. రాత్రి 11కి ఫోన్ చేశాడు. "అన్నా, ఆ లాప్‌టాప్ ఆయనది ఉందన్నావే, అది కూడా పంపు."