మట్టి పొయ్యా, పొగగొట్టం పొయ్యా?

అనంతపురం పల్లెల్లో కందికట్టె, సర్కారు తుమ్మ మొద్దులు ఇప్పటికీ వంటచెరకుగా వాడే ఇళ్లలో మట్టి పొయ్యికి ఖర్చు దాదాపు ఉండదు; పగుళ్లను ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తితే సరిపోతుంది. అయితే తలుపులు మూసిన గదిలో పొగతోపాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా నిలిచిపోతుంది కనుక, దానిని వసారాలోనో పెరట్లోనో పెట్టుకోవడమే క్షేమం.

పొగగొట్టం పొయ్యి ఆ పొగను బయటికి పంపుతుంది గానీ, అంతకు మించిన శ్రద్ధను కోరుతుంది. పచ్చికట్టె మండిస్తే గొట్టం లోపల జిగటగా నల్లని మసి పేరుకొని, ఒక్కోసారి ఆ మసే అంటుకుంటుంది. అందువల్ల కట్టెను బాగా ఎండబెట్టాలి, పొయ్యి పూర్తిగా చల్లారాక గొట్టాన్ని తరచూ దులపాలి. బోదగడ్డి కప్పిన కొట్టంలో మాత్రం, వేడెక్కిన గొట్టం కప్పులోంచే పోవాలి కాబట్టి, దీనిని పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇక బూడిదలో నిప్పు మరునాటికీ మిగిలి ఉండవచ్చు. ఏ పొయ్యిదైనా మూత ఉన్న ఇనుప బకెట్టులోకే ఎత్తాలి.