బస్సు వెంట పరుగు లెక్క: ఏ పద్ధతి మేలు?

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది: "ఛేజింగ్ లెక్కలకి రెండు సమీకరణాలు విడిగా రాయాలా, సాపేక్ష వేగం (ఒకదాని మీంచి చూస్తే రెండోదాని వేగం) పట్టుకోవాలా సార్?"

విజయవాడ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు అప్పుడే కదిలింది. త్వరణం 1 మీ/సె². గుమ్మానికి 18 మీటర్ల వెనక నుంచి ఒకాయన సెకనుకు 6.5 మీటర్ల చొప్పున పరుగెత్తుతున్నాడు. (వెనకే ఇంకో గుంటూరు బస్సు ఉంటుందన్న సంగతి లెక్కలో ఎవరూ చెప్పరు.)

నేల మీద నిలబడి చూస్తే, టీ సెకన్లలో మనిషి వెళ్లిన దూరం 6.5టీ, బస్సుది టీ²/2. తేడా 18 కావాలి కాబట్టి టీ² − 13టీ + 36 = 0. జవాబులు 4, 9. బస్సులో కూర్చుని చూసినా, అంటే సాపేక్ష పద్ధతిలోనూ, ఇదే సమీకరణం వస్తుంది, కాబట్టి శ్రమలో తేడా ఏమీ లేదు. కానీ ఆ 9 ఏమిటని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. బస్సులోంచి చూసేవాడికి ఆ మనిషి పైకి విసిరిన బంతి లాంటివాడు: వేగం తగ్గుతూ గుమ్మం దాకా వస్తాడు, ఎక్కకుండా అలాగే పరుగెత్తితే దాటి ముందుకు పోతాడు, 9వ సెకనులో గుమ్మం మళ్లీ అతన్ని దాటేస్తుంది.

నా మటుకు అసలు తేల్చేది "కనీసం ఎంత వేగం ఉండాలి?" అన్న ప్రశ్న. గుమ్మం చేరేసరికి సాపేక్ష వేగం సున్నా అయితే చాలు. వేగం వర్గం = 2 × త్వరణం × దూరం = 2 × 1 × 18 = 36, అంటే సెకనుకు 6 మీటర్లు. 5తోనే పరుగెత్తితే? 25/2 = 12.5 మీటర్లు దగ్గరవుతాడు, 5.5 మిగిలిపోతుంది. రెండూ నోటిలెక్కలే. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాల్సినవాడికి ఇది చిన్న విషయం కాదు.

గ్రాఫు మూడో దారి. అర్థం కావడానికి బాగుంటుంది, పరీక్షలో టైం తినేస్తుంది.

సాపేక్ష పద్ధతి బోల్తా కొట్టేది బ్రేకుల దగ్గర. వారధి మీద సెకనుకు 10 మీటర్లతో పోతున్న లారీ 2 మీ/సె² చొప్పున బ్రేకు వేసింది. 24 మీటర్ల వెనక బైకు 7తో వస్తోంది. గుడ్డిగా సూత్రంలో పెడితే సుమారు 6.6 సెకన్లు వస్తుంది. లారీ 5 సెకన్లకే ఆగిపోయింది కదా, సూత్రం దాన్ని రివర్స్‌లో నడిపించేసింది! ఆగేలోపు లారీ పోయింది 25 మీటర్లు, బైకు పోవాల్సింది 49, జవాబు 7 సెకన్లు. బ్రేకు అన్న మాట కనబడితే ముందు ఆగే సమయం కట్టండి. కలిసే సమయం దాన్ని దాటిందా, నేల మీదికి దిగి విడివిడిగా రాసుకోండి.