ఫోర్ట్‌వర్త్‌లో బూట్ల వేట: అడక్కుండా కొట్టిన స్ప్రేకి పాతిక డాలర్లు

టెక్సస్‌లో డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో, ఒకప్పటి పశువుల సంత అయిన స్టాక్‌యార్డ్స్‌కి కౌబాయ్ బూట్ల కోసం వెళ్లే ఆడవాళ్లకి ముందే చెప్తున్నా. ఎక్స్ఛేంజ్ అవెన్యూ మీద అద్దాల వెనక తళతళలాడే జతల్ని చూసి లోపలికి దూరకండి. దూరినా, బూటు సేల్స్‌గాళ్ చేతికి ఇచ్చాక కౌంటర్ దాకా దాని మీంచి కళ్లు తిప్పకండి. ఎందుకో కింద రాస్తాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

నాకు చెప్పుల పిచ్చి. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు ముఖం కంటే ముందు గుమ్మంలో వాళ్లు విడిచిన చెప్పులు చూసిన రకాన్ని. డాలస్ వచ్చాక ఆ పిచ్చి కౌబాయ్ బూట్ల మీదికి మళ్లింది. గుంటూరు నుంచి అమ్మ వచ్చి ఉంది, మా ఆయనకి లాంగ్ వీకెండ్ దొరికింది. ఇర్వింగ్‌లో మా ఇంటి నుంచి గంట కూడా పట్టదు కాబట్టి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కానీ రాత్రి అక్కడే ఉంటే ఆ సందడి చూడొచ్చని నేను పట్టుబట్టాను. ప్రయాణం హాయిగా సాగింది.

హోటల్ సంగతి ముందు చెప్పేస్తాను. స్టాక్‌యార్డ్స్‌కి నడిచి వెళ్లే దూరం, గది 189 డాలర్లు, పన్నులు వేరే. కారు మనమే ఎక్కడో పెట్టుకుంటామంటే కుదరదు, హోటల్ వాళ్లే తీసుకెళ్లి పెట్టే వాలే పార్కింగే, రాత్రికి 40. రెండు వీధుల అవతల రోజంతా 15 డాలర్లకి ఖాళీ స్థలం కనిపించేసరికి మా ఆయన ముఖం మాడిపోయింది. గది కింద బార్. డ్రమ్స్ దెబ్బకి మంచం పక్కన గ్లాసులో నీళ్లు కదులుతున్నాయి. రాత్రి రెండు గంటలకి బార్ మూసేదాకా అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంది. పొద్దున టిఫిన్ లేదు. కాఫీ పొడి ప్యాకెట్ ఇంకొకటి అడిగితే లాబీలో కొనుక్కోమన్నారు. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి అసలు ఇక్కడ రాత్రి బస దండగ. వేరే ఊళ్లనుంచి వచ్చేవాళ్లు మూడు మైళ్ల దూరంలో ఉన్న డౌన్‌టౌన్‌లో ఉండి రావడం నయం.

ఆవుల ఊరేగింపు మాత్రం తప్పక చూడండి. రోజూ పదకొండున్నరకి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి లాంగ్‌హార్న్ మందని ఎక్స్ఛేంజ్ అవెన్యూ మీద నడిపిస్తారు. పైసా ఖర్చు లేదు. 1999 నుంచి నడుస్తోందట. కొమ్ములు ఈ చివర నుంచి ఆ చివరకి మనిషంత పొడుగు. రాత్రంతా నిద్ర లేక ముడుచుకుపోయిన అమ్మ ముఖం అక్కడ విప్పారింది. "కొమ్ములు బాగానే ఉన్నాయి గానీ, మూపురం ఏదే? మన ఒంగోలు గిత్త పక్కన నిలబడతాయా ఇవి?" అంది. అమెరికాలో బ్రాహ్మన్ అని ఒక జాతి ఉందనీ, అందులో మన ఒంగోలు రక్తం కలిసిందనీ మా ఆయన చెప్పేసరికి, ఆ జాతిని చూపించమని సాయంత్రం దాకా అల్లుడి ప్రాణం తీసింది.

ఇక అసలు విషయం.

కౌబాయ్ బూటులో షోకు కోసం పెట్టినట్టు కనిపించేదంతా గుర్రం కోసం పెట్టిందే. ముక్కు సన్నగా ఉండేది రికాబులోకి, అంటే జీను పక్కన వేలాడే కాలు పెట్టుకునే చట్రంలోకి, కాలు సులువుగా దూరడానికి. మడమ ఎత్తుగా, లోపలికి వాలి ఉండేది కాలు రికాబు దాటి ముందుకి జారిపోకుండా. పిక్క దాకా గొట్టం ఉండేది ముళ్లపొదలు గీరుకోకుండా. లేసులు ఉండవు, ఎందుకంటే గుర్రం మీంచి పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటే బూటు అక్కడే ఉండిపోయి మనిషి బయటపడాలి. గొట్టం మీద పూలూ తీగల్లా కనిపించే కుట్లు కూడా తోలు మెత్తబడి కిందికి జారకుండా బిగించడానికే మొదలయ్యాయి. ఈ కారణాలు తెలిశాక ఏది అందమో ఏది వేషమో కంటికి తేలిగ్గా పట్టుబడుతుంది.

నా లెక్కలో అన్నిటికంటే అందమైనది స్నిప్ టో, అంటే సన్నటి ముక్కు చివర కొంచెం కత్తిరించినట్టు ఉండేది. చతురస్రం ముక్కువి సుఖంగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ పొడుగు గౌను కింద నుంచి మనిషి కంటే ముందు అవే వచ్చి నిలబడతాయి. రాళ్లు పొదిగిన తెల్ల బూట్లు ఫొటోకి తప్ప పనికిరావు. శనివారం ఆ వీధినిండా పెళ్లికి ముందు పార్టీలు చేసుకునే అమ్మాయిల గుంపులు, అందరి కాళ్లకీ అవే. మంద నడిచిన ఇటుకల రోడ్డు మీద తిరిగాక అవి ఏ రంగులోకి వచ్చాయో నేను కళ్లారా చూశాను. నాలా ఐదడుగుల రెండంగుళాలు ఉన్నవాళ్లు గొట్టం పది అంగుళాలు దాటనివ్వకండి. పదమూడు అంగుళాలవి వేస్తే కాలంతా బూటే అయిపోతుంది.

తళతళల షాపు. పేరు రాయను. బయట బోర్డు మీద అచ్చమైన తోలు అని, తగ్గింపు ధర 189 అని పెద్ద అక్షరాలు. గోధుమరంగు జత నచ్చింది. వేసుకుని నడిస్తే మడమ కొంచెం లేస్తోంది. "లూజుగా ఉంది, ఇన్‌సోల్ పెడతాను" అని ఆ అమ్మాయి బూట్లు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను ఇంకో జత చూస్తున్నాను. ఆమె తిరిగొచ్చేసరికి బూట్లు తడితడిగా మెరుస్తున్నాయి. "వాన తగిలినా ఏం కాకుండా స్ప్రే కూడా కొట్టేశాను!" అంది సంబరంగా. నేనూ థాంక్స్ చెప్పాను, షాపువాళ్ల మర్యాద అనుకుని.

బిల్లు చూస్తే బూట్లు 189, స్ప్రే-క్రీమ్ కిట్ 24.99, ఇన్‌సోల్స్ 19.99, ఎనిమిదింపావు శాతం పన్నుతో మొత్తం 253.28. అడగలేదు కదా అంటే, సీల్ తీసేశాం, వెనక్కి తీసుకోలేం అన్నారు. మేనేజర్ని పిలిపించాను. ఆయన నా వంక చూడనైనా చూడకుండా కంప్యూటర్‌తో మాట్లాడుతున్నట్టు "ఇది ఫైనల్ సేల్" అన్నాడు. కార్డు ఇంకా నా చేతిలోనే ఉంది, గీకనిదే సేల్ ఎలా అవుతుంది? "పోనీలే, పాతిక డాలర్ల కోసం ఎందుకు గొడవ" అని మా ఆయన నసుగుడు మొదలుపెట్టారు. వెనక లైన్లో జనం. ఆయనకి నలుగురిలో గొంతు లేస్తే చాలు చెమటలు పడతాయి. అమ్మ మాత్రం విషయం నాతో తెలుగులో చెప్పించుకుని, "అడక్కుండా కొట్టి డబ్బులడుగుతాడా? మా ఊళ్లో సిగ్నల్ దగ్గర కారద్దం తుడిచి పది రూపాయలడిగే పిల్లాడే నయం, వద్దంటే పోతాడు" అని అచ్చ తెలుగులో ఆ మేనేజర్ ముఖం మీదే అనేసింది. ఆయనకి భాష అర్థం కాకపోయినా భావం అర్థమైనట్టుంది. ఇన్‌సోల్స్ తీసేస్తానన్నాడు, స్ప్రే మాత్రం కుదరదన్నాడు.

ఈ వాదన జరుగుతుండగా గొట్టం లోపలి అంచు మడిచి చూశాను. చిన్న చీటీ కుట్టి ఉంది. పాదం భాగం తోలు, మిగతాదంతా సింథటిక్. అంటే చీలమండ నుంచి పిక్క దాకా రెక్సినే! బూట్లు కౌంటర్ మీద పెట్టి బయటికి వచ్చేశాం. మీరు ఎక్కడ కొన్నా ఆ చీటీ చదవండి. పాదం దగ్గర వాసన చూసి మోసపోవద్దు, గొట్టాన్ని వేలితో నొక్కండి. తోలైతే నొక్కిన చోట సన్నటి ముడతలు వచ్చి పోతాయి.

ఆ మంట మీద మా ఆయన భోజనం అన్నారు. మెక్సికన్ హోటల్లో అమ్మ శాకాహారం అనగానే బీన్స్ పందికొవ్వుతో వండుతారనీ, అన్నం చికెన్ నీళ్లతో ఉడికిస్తారనీ వడ్డించే ఆయనే ముందుగా చెప్పాడు. మర్యాద అంటే అదీ. చీజ్ చుట్టిన ఎంచిలాడా రొట్టెలు, కాల్చిన టమాటా పచ్చిమిరప నూరిన సల్సా తెచ్చాడు. అమ్మ సల్సాని మళ్లీ మళ్లీ వేయించుకుని, "జీలకర్ర పడితే ఇంకా బాగుండేది" అని తీర్పు చెప్పింది. ముగ్గురికీ 46 డాలర్లు, టిప్ కాక.

మెయిన్ స్ట్రీట్ మూలమీద బూటు ఆకారంలో నియాన్ బోర్డు కనిపిస్తుంది, అది ఎమ్.ఎల్. లెడ్డీస్. 1922లో మొదలైన కుటుంబ వ్యాపారం. కాలి కొలత తీసుకుని చేత్తో కుట్టిస్తారు. ధర వెయ్యి డాలర్లు దాటే మొదలవుతుంది, నెలల తరబడి ఆగాలి. చూసి కళ్లు కడుక్కుని వచ్చాను. ఇంటి లోను తీరాక చూద్దాం.

నాకు నిజంగా నచ్చిన చోటు అక్కడికి కాస్త అవతల ఉన్న పాత షాపు. మెరుపుల్లేవు, పాటల్లేవు, తోలు వాసన ఒక్కటే. డెబ్బై దాటిన పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, తను మోకాలు నేలకానించి, ఇనప కొలతపలక తెచ్చి నా పాదం దాని మీద పెట్టాడు. రెండు కొలతలు తీశాడు. మడమ నుంచి బొటనవేలి చివరికి ఏడో సైజు. మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే ఎముక దాకా ఏడున్నర. "నీది పొడుగు ఆర్చ్ (పాదం కింది వంపు), చిన్న వేళ్లు. ఏడున్నరే వేసుకోవాలి, పాదం మడిచే చోటే బూటు కూడా మడవాలి" అన్నాడు. ఇన్నేళ్లుగా ఏ షాపులోనూ ఎవరూ నాకీ ముక్క చెప్పలేదు. మడమ లేవడం గురించి అడిగాను. కొత్త బూటులో పావంగుళం లేవాల్సిందేనట, సోల్ వంగడం మొదలయ్యాక అదే తగ్గుతుంది. పాదం పైవంపు దగ్గర మాత్రం గట్టిగా పట్టాలి, లేసులు చేసే పని అక్కడ తోలు చేస్తుంది. అంటే ఆ ఇన్‌సోల్స్ నాకు అక్కర్లేనే లేదన్నమాట!

తర్వాత నా మెట్టెలు చూసి ఇవేంటని అడిగాడు. సన్న ముక్కు బూటులో పక్కవేలికి ఒత్తుకుని పుండు పడుతుంది, తీసేయమన్నాడు. అమ్మకి తర్జుమా చేయకుండా ఉండాల్సింది. "మొగుడు పక్కనే ఉండగా మెట్టెలు తీయమంటాడా!" అని ఆయన్ని కాసేపు శత్రువులా చూసింది. ఆయన నవ్వి, గుండ్రటి ముక్కున్న జత, పల్చటి మేజోళ్లు తెచ్చాడు. మెట్టెలు తీయనివాళ్లు గుండ్రటి ముక్కే చూసుకోండి. కానీ ఆ జత రంగు నాకు నచ్చలేదు, ధర 340. కొననని చెప్పినా ఆయన మొహం మారలేదు. వెళ్తుంటే పాత బూట్లు అమ్మే షాపు ఎక్కడుందో కూడా చెప్పాడు.

ఆ షాపులో దొరికింది నా జత. ముదురు మెరూన్, పది అంగుళాల గొట్టం, సరిగ్గా ఏడున్నర, ముక్కు నా మెట్టెలకి చోటిచ్చేంత గుండ్రం. లోపల నొకోనా అని ముద్ర. తిరగేసి చూస్తే సోల్ నడుం దగ్గర రెండు వరసల చిన్న చెక్కమేకులు. తడికి తోలుతోపాటు చెక్క కూడా ఉబ్బుతుంది, అందుకే ఇనప మేకుల కంటే గట్టిగా పట్టుకుంటాయి. ధర 85, పన్నుతో 92.01.

నొకోనా కథ నాకు ముందే తెలుసు, అందుకే చేయి వణికింది. హెచ్.జె. జస్టిన్ అనే ఆయన 1879లో బూట్లు కుట్టడం మొదలుపెట్టి 1889లో నొకోనా అనే చిన్న ఊరికి మారాడు. ఆయన పోయాక కొడుకులు 1925లో కంపెనీని ఫోర్ట్‌వర్త్‌కి తరలించారు. కూతురు ఎనిడ్ మాత్రం నాన్న ఊరు వదలనని భీష్మించుకుని, అప్పు తెచ్చి అదే ఏడాది అక్కడే సొంత బూట్ల కంపెనీ పెట్టింది. 1939లో ప్రచారం కోసం నొకోనా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా గుర్రప్పందెం పెట్టించింది! ఆమె కంపెనీ 1981లో అన్నదమ్ముల కంపెనీలోనే కలిసింది, 1999లో నొకోనా ఫ్యాక్టరీ మూతపడింది. అన్నదమ్ములకి పోటీగా బూట్లు కుట్టించిన ఆడమనిషి ఊళ్లో తయారైన జత, రెక్సిన్ ధరలో సగానికి!

అమ్మకి ఈ కథ ఏమాత్రం పట్టలేదు. "గుళ్లో చెప్పులు పోతే శని వదిలిందంటాం. ఎవరో వదిలిన శనిని నువ్వు డబ్బులిచ్చి కొనుక్కుంటావా?" అంది. మా ఆయన 92 అని విని మాత్రం ఆ రోజు మొదటిసారి నవ్వారు.

బూట్లు కొన్నాక ఒక జాగ్రత్త. గుడికి వెళ్లే రోజు, తెలుగువాళ్లింట్లో వ్రతం ఉన్న రోజు వేసుకోకండి. ఇవి ఊడబీకడానికి బూట్‌జాక్ అనే వంకీ ఉన్న చెక్క కావాలి, లేదంటే మొగుడు కావాలి. గుమ్మం ముందు ఒంటికాలి మీద గెంతుతుంటే తాంబూలం పుచ్చుకోవడానికి వచ్చిన వాళ్లంతా చూస్తారు.

మడమ రబ్బరు అరిగింది కాబట్టి తిరిగొచ్చే దారిలో బూట్లు బాగుచేసే ఆయన దగ్గర ఆగాం. మడమలు, ముందు సగం సోల్ కలిపి 78 అన్నాడు, వారంలో ఇస్తాడట. కొత్తదానికంటే ఇప్పటికీ చవకే. అమ్మ తన చెప్పు తీసి, తెగిన పట్టీ చూపించి, దీనికెంతో అడగమంది. 15 డాలర్లు. వేళ్ల మీద లెక్కేసుకుని, చెప్పు ఆయన చేతిలోంచి లాక్కుని కాలికి తగిలించుకుంది. "పదమూడొందలా! బ్రాడీపేట మూలమీద కూర్చునే ఆయనకిస్తే ఇరవైకి కుట్టి, పాలిష్ కూడా చేసిస్తాడు. పదండి అల్లుడుగారూ, కారు తీయండి."